నోరు దాటిన మాట

1919లో మదనపల్లెలో టాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చారు. నచ్చని మాటను కొట్టేసి మళ్లీ రాసుకునే వీలు ఆయనకుంది. కుప్పంలో డాక్టరు పక్కన నిలబడి రోగి తమిళాన్ని తెలుగులో చెప్పే మనిషికి ఆ వీలు లేదు. నోరు దాటిందంటే దాటిందే.

మూడు రాష్ట్రాలు కలిసే మూల కుప్పం. పుంగనూరుకు కన్నడం పొరుగు. ఈ పక్క రెండు మూడు భాషలు రావడం వింతేం కాదు. వాటి నడుమ నిలబడి తడబడకుండా ఉండటమే పనితనం. ఎదుటివాళ్లు ఊపిరి తీసుకునే సందులో లోపలి గొంతు దూరుతుంది: ‘ఇందాక తప్పు చెప్పావు, అందరికీ తెలిసిపోయింది.’ దాన్ని వింటూ కూర్చుంటే ఎదుటి మాట జారిపోతుంది.

చేయి తిరిగినవాళ్లు ఆ గొంతుతో వాదన పెట్టుకోరు. ‘మూడు దినాలుగా కడుపునొప్పి, రాత్రిపూట ఎక్కువ’ అని రోగి అంటే, చిన్న పుస్తకంలో ముందు 3 వేస్తారు, పక్కన నెలవంక గీస్తారు. అంకెలు ఇట్టే మరపుకొస్తాయి మరి. వినపడకపోతే ‘ఇంకోసారి చెప్పమ్మా’ అని నిదానంగా అడుగుతారు. తప్పు దొర్లితే అక్కడికక్కడే, సంజాయిషీ లేకుండా దిద్దుతారు. నన్నడిగితే, నలుగురి ముందు అలా దిద్దుకోవడమే అన్నిటికన్నా కష్టం.

కోర్టులో ఇంకా బరువు. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే, అతనికి అర్థమయ్యే భాషలో చెప్పించాలంటుంది చట్టం. అంతర్జాతీయ సభల్లో వెంటవెంటనే అనువదించేవాళ్లు 20, 30 నిమిషాలకొకసారి జోడీకి మైకు అప్పగిస్తారు. మనవాళ్లకు ఆ జోడీ ఎక్కడ?