ప్లగ్గు పెట్టే ముందు పవర్ సప్లై విప్పాలి

1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న యంత్రం బీబీసీ మైక్రో. ఇంగ్లండ్‌లోని ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో ఇళ్ళనూ బడులనూ దృష్టిలో పెట్టుకుని తెచ్చిన కంప్యూటర్ అది. అందులో మోడల్ బీ అనే రకానికి ఉన్న ర్యామ్ మెమరీ 32 కిలోబైట్లు. దాదాపు 12,000 యంత్రాలు రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా దేశమంతటా ఉన్నత పాఠశాలలకు చేరాయి. వాటిలో ఏదైనా ఇప్పుడు అటక మీదో, స్టోరు గదిలోనో బయటపడితే ఎవరైనా ముందు చేసేది దుమ్ము దులిపి ప్లగ్గు పెట్టి చూడటమే. చేయకూడనిదీ అదే. పాత ఇంటి కంప్యూటర్‌ను మళ్ళీ నడిపించాలనుకుంటే దాని పవర్ సప్లైని ముందు విప్పి, లోపల వయసుతో చెడే భాగాలు మార్చి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలి. పనిచేస్తున్నట్టు కనిపించినా సరే మార్చాలి. ఎక్కడైనా ఇదే మాట చెప్పొచ్చు కానీ, నెల్లూరు తీరంలో దీనికి మినహాయింపు లేదంటాను.

కారణం గాలి. కావలి పక్కన తుమ్మలపెంట నుంచి మైపాడు మీదుగా కృష్ణపట్నం దాకా వీచేది ఉప్పుగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు దానికి తోడు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరవుతుంది. వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది ఇందుకే. సర్క్యూట్ బోర్డు మీద కంటికి కనపడనంత పలచగా పేరుకున్న ఉప్పు కూడా అలాగే చెమ్మగిల్లి, కరెంటుకు దారి ఇస్తుంది, రాగికి చిలుము పట్టిస్తుంది. ఇక బీబీసీ మైక్రో సప్లైలో మెయిన్స్ వైపు రెండు చిన్న కండెన్సర్లు ఉంటాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కూర్చుని, సప్లై పుట్టించే విద్యుత్ రొదను బయటి వైర్లలోకి పోనీయకుండా ఆపడం వాటి పని. చాలా యంత్రాల్లో ఇవి స్వీడన్‌కు చెందిన రిఫా కంపెనీవి. లోపల లోహపు పూత వేసిన కాగితం చుట్ట, పైన పసుపు ఛాయలో అవతలి వైపు కనిపించే రెజిన్ తొడుగు. టార్చి వేసి చూస్తే ఆ తొడుగు మీద వెంట్రుకంత సన్నని పగుళ్ళు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి వాటిలోంచి తేమ లోపలికి దిగి కాగితం నానుతుంది. కరెంటు ఇచ్చిన కాసేపటికి అది వేడెక్కి, తొడుగు పగిలి, గది నిండా ముక్కు పగిలే కంపుతో గోధుమరంగు పొగ కమ్ముకుంటుంది. పొడి ఊళ్ళలోనే ఇది మామూలుగా జరిగే పని. ఉప్పుగాలిలో నలభై ఏళ్ళు ఉన్నదాని సంగతి చెప్పక్కర్లేదు.

ఆ పొగ వచ్చినా కంప్యూటర్‌కు చాలాసార్లు ఏమీ కాదు, కాలిన తర్వాతే మార్చుకోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. మొదటి సగం నిజమే. కానీ సప్లైలో ముసలివయ్యేవి ఆ రెండే కావు. లోపలికి వచ్చిన 230 వోల్టుల ఏసీ ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద ఫిల్టర్ కండెన్సర్‌లో నిలుస్తుంది. అక్కడి నుంచి ట్రాన్సిస్టర్ దాన్ని వేగంగా తెంచి తెంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు పంపితే, అవతల 5 వోల్టులు, 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు తయారవుతాయి. ఆ అవతలి వైపున్న ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లలో ఉండేది ద్రవం. అది ఆరుతుంది, లేదా కారుతుంది. కంపెనీలు వీటికి ఇచ్చే హామీ మామూలుగా 105 డిగ్రీల దగ్గర 2,000 గంటల లాంటిది. వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది, పెరిగితే సగమవుతుంది. ఆరిపోయిన కండెన్సర్‌తో కూడా మీటరు 5 వోల్టులనే చూపిస్తుంది, ఎందుకంటే అది చూపేది సగటు. దాని మీద ఎగిసిపడే అలలు ఆసిలోస్కోపు పెడితే తప్ప కనపడవు. చిప్పులు మాత్రం ఆ అలలను భరించాలి. ఆ తరం చిప్పులకు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్యే క్షేమం. కమొడోర్ 64 అనుభవం ఇంకా ఘోరం. 1982లో వచ్చిన ఆ కంప్యూటర్‌తో ఇచ్చిన సప్లైని చాలావాటిలో రెజిన్ పోసి మూసేశారు. అందులోని 5 వోల్టుల రెగ్యులేటర్ చెడితే వోల్టేజీ పడిపోదు, పైకి ఎగబాకుతుంది. మెమరీ చిప్పులు పోయాకే యజమానికి సంగతి తెలుస్తుంది. చెడేదాకా ఆగుదాం అనే వాదనకు ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు.

ఈ పనికి కావలసిన విద్య మనకు కొత్తది కాదు. రేడియో, టీవీ మెకానిక్కులు ఏనాడో వంటబట్టించుకున్నదే. వాళ్ళ బల్ల మీద తప్పక ఉండే సీరీస్ బల్బు బోర్డు సంగతే చూడండి. మెయిన్స్‌కూ అనుమానమున్న పరికరానికీ మధ్య ఒక 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెడతారు. స్విచ్చి వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే ఫిల్టర్ కండెన్సర్ ఛార్జ్ అయిందని అర్థం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, కానీ ఏదీ కాలదు. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. ఆ తర్వాత కంప్యూటర్ బోర్డు తగిలించకుండానే 5 వోల్టుల మీద రెండు ఓంల, 25 వాట్ల రెసిస్టర్‌ను బరువుగా పెట్టి కొలవాలి. ఖాళీగా నడిపి చూసిన కొలతకు విలువ లేదు. బీబీసీ మైక్రోలో ఎర్ర వైర్లు 5 వోల్టులు, నల్లవి సున్నా, ఊదారంగుది మైనస్ 5. తీసే ముందే ఫోటో తీసుకుంటే తిరిగి తగిలించేటప్పుడు తికమక ఉండదు. అయితే మన బల్లల మీది అలవాట్లన్నీ మంచివి కావు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి కండెన్సర్‌ను ఖాళీ చేయడం వాటిలో ఒకటి. ప్లగ్గు తీశాక కూడా ఆ 325 వోల్టులు లోపలే ఉండిపోవచ్చు. పది వేల ఓంల, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న వైర్లతో కొన్ని క్షణాలు తగిలిస్తే అవి నెమ్మదిగా దిగిపోతాయి. మీటరుతో చూసుకుని మరీ చెయ్యి పెట్టాలి. రెండోది, ఏ కండెన్సర్ దొరికితే అది వేయడం. మెయిన్స్‌కు అడ్డంగా వేసేదాని మీద ఎక్స్2 అని, 275 వోల్టుల ఏసీకి తగ్గకుండా అచ్చయి ఉండాలి. ఎర్త్‌కు కలిపేదైతే వై తరగతిదే కావాలి, అది షార్ట్ అయితే పెట్టెకే కరెంటు వస్తుంది. ఇవాళ దొరికే పాలీప్రొపిలీన్ ఎక్స్2 కండెన్సర్లలో కాగితం లేదు. నెల్లూరులో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ ఎంతో దూరం కాదు. మూడోది థిన్నర్‌తో కడగడం. అది ప్లాస్టిక్‌ను తింటుంది, పైగా ఉప్పు దానిలో కరగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లోనూ ఉప్పు సరిగా కరగదు. ముందు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తని బ్రష్షు పెట్టి కడిగి, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తొందరపడితే మనమే తేమ పోసినవాళ్ళమవుతాం.

ఇన్ని మార్చాక అది అసలైన పాత కంప్యూటరేనా అన్న ప్రశ్న సేకరణదారుల నుంచి తప్పక వస్తుంది. సైకిలుకు టైర్లు మారిస్తే అది వేరే సైకిలు అయిపోదు. పవర్ సప్లైలో కండెన్సర్లూ అలా అరిగిపోవడానికే ఉన్నవి. పెట్టె, వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్, లేబుల్ అన్నీ ఉంచి, తీసిన భాగాలను తేదీ రాసిన కవర్లో యంత్రంతోపాటే దాచితే చరిత్రకు లోటేమీ లేదు. దీనికి సరిగ్గా ఎదురు వాదన కూడా ఉంది: ఇంత శ్రమెందుకు, ఫోన్ ఛార్జర్ తగిలిస్తే పోలేదా అని. సింక్లెయిర్ స్పెక్ట్రమ్ లాంటి చిన్నవాటికి కొత్త అడాప్టర్ పెట్టడంలో తప్పులేదు. కానీ దాని 9 వోల్టుల పిన్నులో నడిమి భాగం నెగెటివ్, బజార్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం నడిమి పాజిటివ్. చూసుకోకుండా తగిలిస్తే యంత్రానికే ఎసరు. బీబీసీ మైక్రోకైతే ఫోన్ ఛార్జర్ మాటే ఎత్తక్కర్లేదు. 5 వోల్టుల మీద 3.75 ఆంపియర్ల దాకా ఇచ్చేలా తయారైన సప్లై దానిది. శబ్దానికీ సీరియల్ పోర్టుకూ మైనస్ 5 కూడా కావాలి. ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయిందనుకోండి, అప్పుడు పాత పెట్టెలో మంచి కంపెనీ కొత్త మాడ్యూల్ అమర్చుకోవడమే తెలివైన పని. అక్కడ పట్టుదలకు పోవడం నాకు నచ్చదు.

పాత ప్రోగ్రాములన్నీ ఫోన్‌లో, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ మీద నడుస్తున్నాయి కదా అనే మాట అన్నిటికన్నా బలమైనది. ఆటలే కావాలంటే అది చాలు. అయితే బీబీసీ మైక్రో అడుగున యూజర్ పోర్టు, వెనక అనలాగ్ పోర్టు ఉన్నాయి. ఉష్ణోగ్రత కొలిచే సెన్సరో, చిన్న మోటారో బయటి నుంచి తగిలించి, నాలుగు లైన్ల బేసిక్ రాసి పని చేయించడానికే ఆ యంత్రాన్ని బడులకు ఇచ్చారు. కరెంటు ఎలా వస్తుంది, ఎక్కడ ఏమవుతుంది అనేది మూత విప్పి చూపించగల కంప్యూటర్ ఇప్పటి పిల్లలకు ఇంకెక్కడ దొరుకుతుంది? చూపించవచ్చు గానీ, మెయిన్స్ వైపు చెయ్యి పెట్టనీయకూడదు. అది చేయి తిరిగిన మెకానిక్ పని, ఎర్త్ సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్ దగ్గర జరగవలసిన పని.

మీ బడి స్టోరు గదిలో ఇలాంటి యంత్రం ఉంటే పాత ఇనప సామాన్లకు తూకానికి వేయకండి. సరదాకైనా ప్లగ్గు పెట్టి చూడకండి. ఊళ్ళో ఇంకా బల్ల నడుపుతున్న పాత టీవీ మెకానిక్ ఎవరున్నారో కనుక్కుని, ముందు ఆయన చేత సప్లై విప్పించండి.