పని పోతే పోయేది కూలి డబ్బులేనా?

మా చిలకలూరిపేట చుట్టుపక్కల ఏ స్పిన్నింగ్ మిల్లు మూతపడినా, పత్రికలవాళ్లం ముందు అడిగేది లెక్కలే: ఎంతమంది రోడ్డున పడ్డారు, ఎన్ని నెలల జీతం బకాయి ఉంది? అడగాల్సినవే. కానీ అవి సగం ప్రశ్నలేనని నాకు నేర్పినావిడ సామాజిక మనస్తత్వవేత్త మారీ యహోదా.

1907లో వియన్నాలో పుట్టారు. ఆ నగరానికి దగ్గర్లోని మారియెంతాల్ అనే ఊరు ఒక్క బట్టల మిల్లును నమ్ముకుని బతికేది. ఆ మిల్లు మూతపడ్డాక, 1931లో పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ వంటి సహచరులతో కలిసి యహోదా ఆ ఊరిని పరిశీలించారు. 478 కుటుంబాలకూ ఒక్కో కార్డు రాశారు. ఊరికే చూసిపోవడానికి ఎవరూ రాకూడదనీ, ఊరికి పనికొచ్చేది ఏదో ఒకటి చేయాలనీ నియమం పెట్టుకున్నారు. బట్టలు సేకరించి పంచారు, ఉచిత వైద్యం ఏర్పాటు చేశారు, కుట్టుపని నేర్పించారు. జనం మనసు విప్పింది ఆ పనుల మధ్యే.

మాటలు వినడంతో సరిపెట్టుకోలేదు. ఇళ్లలో ఏం వండుకుంటున్నారో రాసుకున్నారు. వీధిలో నడకలు గమనించారు. ఇంటి చాకిరీ తప్పని ఆడవాళ్లు వడివడిగా వెళ్తుంటే, మగవాళ్లు మాటిమాటికీ ఆగిపోతున్నారు. గ్రంథాలయంలో రుసుము ఎత్తేసినా పుస్తకాలు తీసుకెళ్లేవాళ్లు తగ్గిపోయారు. చేతినిండా ఉన్న తీరికే వాళ్లను కుంగదీసింది.

ఉద్యోగం కూలి డబ్బులతో పాటు ఇంకా ఏమేం ఇస్తుందో యహోదా తర్వాత తేల్చి చెప్పారు: రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులతో కలయిక, నలుగురితో కలిసి సాధించే లక్ష్యం, సమాజంలో ఒక స్థానం, ఊరికే కూర్చోనివ్వని పని.

ఆమె దారి సులువుగా సాగలేదు. 1936లో ఆస్ట్రియా ప్రభుత్వం జైల్లో పెట్టింది. మరుసటి ఏడు దేశం విడిచి ఇంగ్లండు చేరారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో పనిచేసి, మళ్లీ ఇంగ్లండు వచ్చి, 1965లో ససెక్స్ విశ్వవిద్యాలయంలో సామాజిక మనస్తత్వశాస్త్ర ఆచార్యులయ్యారు. 2001లో కన్నుమూశారు.

మన దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకూ, జిన్నింగు మిల్లు కూలీలకూ సీజను అయిపోతే పని ఉండదు. వాళ్ల దగ్గరికి సర్వేకి వెళ్లే విద్యార్థులకూ, మా విలేకరులకూ నాదొక్కటే మనవి. ఎంత నష్టపోయారని అడగండి. పొద్దున లేచి సాయంత్రం దాకా ఏం చేస్తున్నారో కూడా అడగండి. వాళ్లకు అక్కరకొచ్చే సాయం ఒకటి చేసి, ఆ తర్వాతే కాగితం తీయండి.