కెప్టెన్‌కు మిగిలే పని

గత ఆదివారం ఊళ్లో ఒక మైదానంలో పిల్లల క్రికెట్ మ్యాచ్ చూస్తుంటే ఒళ్లు మండింది. బౌండరీ బయట నిలబడిన కోచ్‌గారు బంతి బంతికీ ఒకటే కేకలు: "పాయింట్‌ని వెనక్కి లాగరా! వాడికి ఇంకో ఓవర్ ఎందుకురా!" కెప్టెన్ కుర్రాడు బ్యాట్స్‌మన్ వంక చూడటమే మానేశాడు. చెయ్యి సగం లేపి, కోచ్ తలూపాకే ఫీల్డర్‌ను కదుపుతున్నాడు.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పంతం తెలిసిందే: మైదానంలో మాట కెప్టెన్‌దే కావాలి. సాక్ష్యం మన విశాఖ పీఎం పాలెం స్టేడియమే. 2005 ఏప్రిల్ 5న అక్కడ జరిగిన తొలి వన్డేలో పాకిస్తాన్ మీద ధోనీని మూడో స్థానంలో పంపి, కెప్టెన్ గంగూలీ తాను నాలుగో స్థానానికి జరిగాడు. ధోనీ అంతకుముందు ఆడిన నాలుగు వన్డేల్లో కలిపి పాతిక పరుగులైనా లేవు. ఆ రోజు 123 బంతుల్లో 148 బాదాడు. గంగూలీ పేరు పక్కన స్కోరుకార్డులో ఉన్నది తొమ్మిది పరుగులే. నా దృష్టిలో ఆ మ్యాచ్‌లో అంతకంటే గొప్ప ఆట లేదు.

అందుకే బేస్‌బాల్ కెప్టెన్ నాకెప్పుడూ ఆనలేదు. ఎవరు ఏ వరుసలో ఆడాలో, పిచ్చర్‌ను ఎప్పుడు మార్చాలో అక్కడ మేనేజరే తేలుస్తాడు. చాలా జట్లకు అసలు కెప్టెనే ఉండడు. కానీ న్యూయార్క్ యాంకీస్ సంగతి ఆలోచించండి. 2014లో డెరెక్ జీటర్ రిటైరయ్యాక ఆ పదవిని ఎనిమిదేళ్లు ఖాళీగా ఉంచి, 2022 చివర్లో ఆరన్ జడ్జ్‌కు ఇచ్చారు. వ్యూహం చేతిలో లేని పదవికి తగిన మనిషి కోసం అన్నేళ్లు ఎందుకు ఆగినట్టు?

జవాబు మన ఆంధ్ర జట్టులోనే ఉంది. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్. అవేశ్ ఖాన్ బంతికి కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది. తొమ్మిది వికెట్లు పడ్డాక మళ్లీ వచ్చాడు. కుడిచేతి వాటం మనిషి ఎడమచేతి వాటంగా నిలబడి, దెబ్బ తగిలిన చేతిని కాచుకుంటూ ఒంటిచేత్తో ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే దిగాడు. మ్యాచ్ ఓడిపోయాం. ఆ పని ఏ కోచ్ గీత బయటి నుంచి చెప్పి చేయించగలడు?

కాబట్టి ఫీల్డింగ్ సంగతి కోచ్‌లే చూసుకున్నా ఇకమీదట నాకు పేచీ లేదు. కెప్టెన్‌ను ఎంచేటప్పుడు మాత్రం ఎక్కువ పరుగులు చేసే కుర్రాడికి ఇచ్చేయకండి. క్యాచ్ వదిలేసిన పిల్లాడు ముందు ఎవరి దగ్గరికి వెళ్తున్నాడో రెండు మ్యాచ్‌లు చూసి, వాడికివ్వండి.