పాటు వేళ తేలే నేల

ఇంగ్లండ్‌లోని కెంట్ తీరాన డీల్ పట్టణానికి ఎదురుగా, సముద్రంలో సుమారు పది కిలోమీటర్ల దూరాన గుడ్విన్ శాండ్స్ అనే ఇసుక తిప్ప ఉంది. పోటు మీద దాని జాడే తెలియదు. పాటు తీశాక మైళ్ళ పొడవున పైకి తేలుతుంది. ఇక్కడ రెండు వేలకు పైగా ఓడలు మునిగాయని అంచనా. 1703 నవంబరు తుపానులో నాలుగు యుద్ధనౌకలు, వెయ్యిమందికి పైగా నావికులు బలయ్యారు. అదే తిప్ప మీద 1824లో క్రికెట్ కూడా ఆడారు. ఓడలకు గండమైన ఈ లోతు తక్కువ నీరే కయాక్‌కు అనువు. జానెడు నీళ్ళుంటే చాలు, అది తేలుతుంది.

ఆర్కిటిక్ వేటగాళ్ళు సీల్ చర్మంతో కట్టుకున్న పడవ కయాక్. పడవ బోర్లాపడితే అందులోంచి దిగకుండానే తెడ్డు ఊతంతో లేచే విద్యా వాళ్ళదే. అయితే కయాక్‌లో తిప్ప దాకా చేసే ప్రయాణాన్ని గట్టెక్కించేది కండబలం కన్నా కాలం లెక్క.

అమావాస్య, పౌర్ణములు దాటిన ఒకటి రెండు రోజులకు తిప్ప బాగా బయటపడుతుంది. చిక్కేమిటంటే, ప్రవాహం ఉధృతంగా ఉండేదీ ఆ రోజుల్లోనే. పైగా ఈ ప్రాంతంలో నీటిమట్టం అడుక్కి చేరే వేళ, ప్రవాహం దిశ మారే వేళ ఒకటి కావు. అందుకే పోటుపాట్ల పట్టికతోపాటు ప్రవాహాల పటం కూడా చూసి బయలుదేరే సమయం నిర్ణయిస్తారు.

దారిలో పడవ ముక్కును తిప్పకేసి నేరుగా పెడితే ప్రవాహం పక్కకు ఈడ్చేస్తుంది. అందుకని ముక్కును ప్రవాహానికి ఎదురు వాలుగా పట్టి తెడ్డు వేస్తారు. మధ్యమధ్య వెనక్కి తిరిగి, ఒడ్డున ఒకదాని వెనక ఒకటి కనిపించే రెండు గుర్తులు చూసుకుంటారు. అవి ఒకే వరుసలో ఉంటే దారి తప్పనట్టు. ఎడం జరిగాయంటే వాలు సరిచేయాలి.

తిప్ప మీద ఇసుక మొదట కాలికి గట్టిగానే తగులుతుంది. నీరు తిరుగుముఖం పట్టాక అదే మెత్తబడి కాళ్ళను లోపలికి లాగుతుంది. పెరిగే నీటికి స్థూలంగా ఒక లెక్క ఉంది. మొత్తం పోటును పన్నెండు పాళ్ళనుకుంటే, ఆరు గంటల్లో వరసగా 1, 2, 3, 3, 2, 1 పాళ్ళు ఎక్కుతుంది. మొదటి గంట నెమ్మది చూసి ఇంకా వ్యవధి ఉందనుకున్నవాడికి మూడో గంటలో నీరు మూడింతల వేగంతో వస్తుంది. పడవలను ఎత్తున పెట్టి కట్టేయడం, ఒకరు నీటి అంచున కాపలా ఉండటం, అక్కడ సేదతీరే సీళ్ళకు దూరంగా మసలడం అనుభవజ్ఞుల నియమాలు.

ఎండ కాస్తున్నా దుస్తులు నీటి చలికి తగ్గవే వేసుకోవాలి. వీహెచ్ఎఫ్ రేడియో వెంట ఉండాలి. ఈ సరదా ఉన్నవాళ్ళు కయాక్ కొనేముందే పోటుపాట్ల పట్టిక చదవడం నేర్చుకోండి. గుడ్విన్‌కు మాత్రం అక్కడి నీటి నడక ఎరిగినవాళ్ళ వెంటే వెళ్ళండి.