తూటా లెక్క

డల్లాస్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు ఒక పాత రైఫిల్ కొన్నాడు. ఫోటో పంపి, "‘ఆర్ఆర్ఆర్’లో ఇట్లాంటివే గదా అన్నా?" అన్నాడు. ఇనుము మీద కిరీటం గుర్తు, కింద ఇషాపూర్ అని. బెంగాల్ ఫ్యాక్టరీలో చేసిన లీ-ఎన్‌ఫీల్డ్. అయితే మ్యాగజైన్ ఉండాల్సిన చోట ఒక చెక్కముక్క బిగించి ఉంది.

ఆ చెక్కముక్క సంగతి తెలుసుకున్నాక సినిమా మళ్లీ చూశాను.

లీ-ఎన్‌ఫీల్డ్ గొప్పతనమంతా వేగంలో ఉంది. బోల్ట్ పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ గుండు బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్తది ఎక్కుతుంది. మ్యాగజైన్‌లో పది తూటాలు. బ్రిటిష్ సిపాయి నిమిషానికి పదిహేను గురిచూసి పేల్చాలి. అదే తుపాకిని ఇక్కడి పోలీసులకీ కాపలావాళ్లకీ ఇచ్చేటప్పుడు గొట్టం నునుపుగా తొలిచి, .410 మస్కెట్‌గా మార్చి, మ్యాగజైన్ మూసేశారు. ఒకసారికి ఒక్క తూటా. 1857 తర్వాత చాలాకాలం మన సిపాయిలకి తెల్లవాళ్ల కంటే ఒక తరం పాత తుపాకే. వాళ్ల చేతికి బోల్ట్ రైఫిల్ వచ్చినప్పుడు మనవాళ్లకి మార్టిని. ఆ చెక్కముక్కలో ఉన్నదీ అదే భయం.

రాజమౌళికి ఈ సంగతి తెలియదనను. మొదట్లోనే గవర్నర్ స్కాట్ తూటా ఖరీదు లెక్కగట్టి, మల్లి తల్లికి అంత ఖర్చు దండగ అంటాడు. ఆమెను కొమ్మతో కొడతారు. తుపాకి గురించి మన కమర్షియల్ సినిమా ఇంతకన్నా పదునుగా చెప్పింది నేను చూడలేదు. చివర్లో ఆ తూటా స్కాట్‌కే తిరిగొస్తుంది కూడా. మధ్యలోనే సినిమా లెక్క మర్చిపోతుంది. భీమ్ భుజాలెక్కిన రామ్ చేతికొక రైఫిల్ పట్టుకుని పేలుస్తాడు. బోల్ట్ రైఫిల్ ఒక్కదానికే రెండు చేతులూ కావాలి. (పులులతో బంగ్లా మీద పడే సినిమాలో ఫిజిక్స్ వెతకట్లేదు లెండి.) తుపాకులు అంత ధారాళంగా దొరికితే ఆ తల్లి విలువ కట్టిన మొదటి తూటా తేలికైపోతుంది. నా గొడవ అది.

అసలు రామరాజుకు ధారాళం లేదు. 1922 ఆగస్టు 22, 23, 24. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు. దొరికినవి మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. ఏం తీసుకుపోతున్నాడో స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టిన మనిషి. కల్పిత కథే అని సినిమా ముందే చెప్పింది, సరే. కానీ ఆ సంతకం కన్నా పెద్ద ఇంటర్వెల్ బ్యాంగ్ ఏముంటుంది?

మా తమ్ముడిలా ఇక్కడ పోగేసుకునే వీల్లేదు. .303 నిషిద్ధ బోర్. లైసెన్సు ఉన్నవాళ్లకి అదే డిజైన్‌తో ఇషాపూర్ చేసిన .315 దొరుకుతుంది, అంతే. తుమ్మలపల్లెలో నేను త్రీనాట్‌త్రీని దగ్గరగా చూసింది ఎలక్షన్ రోజే, బడి గోడకి ఆనించి ఉండగా. మా అబ్బ ఓటేసి వస్తా కానిస్టేబుల్‌ని అడిగినాడు: "దీన్ని ఎప్పుడన్నా పేల్చినావా సారూ?"

"ట్రైనింగ్‌లో పేల్చినా పెద్దాయనా. తూటాకి లెక్క రాయల్ల గదా!"