వార్నింగ్ ఇచ్చే ముందు

నేను మోడరేటర్‌గా ఉన్న మా మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో రాత్రి పది దాటాకే సందడి. ఉప్పలగుప్తం, అమలాపురం కుర్రాళ్లతో పాటు హైదరాబాద్ హాస్టళ్లలో ఉండేవాళ్లు, కువైట్‌లో డ్యూటీ దిగినవాళ్లూ వస్తారు. తగువులూ అప్పుడే. వాడు నా చెస్ట్ (సామాను పెట్టె) ఖాళీ చేశాడని ఒకడు, ఇల్లు పగలగొట్టాడని ఇంకొకడు.

ఆటగాడి పేరుకు వార్నింగ్ కొట్టి పంపడం క్షణంలో పని. కానీ "రూల్స్ పాటించండి" అంటే కుర్రాడికి ఏం తెలుస్తుంది? నేనేం చేశానని ఎదురు తిరుగుతాడు. అందుకే ముందు సర్వర్‌లోని కోర్‌ప్రొటెక్ట్ ప్లగిన్ చూస్తాను. ఏ బ్లాక్ ఎవరు ఎప్పుడు పగలగొట్టారో, ఏ చెస్ట్‌లోంచి ఏం తీశారో అందులో ఉంటుంది. అప్పుడు ఆ కుర్రాడికి విడిగా రాస్తాను: "తమ్ముడూ, నిన్న రాత్రి చెరువు పక్క చెస్ట్‌లోంచి 12 డైమండ్లు తీశావు. ఇవాళ తిరిగి పెట్టెయ్. మళ్లీ చేస్తే మూడు రోజులు లోపలికి రాలేవు." చాలామంది ఆ రాత్రే పెట్టేస్తారు.

హెచ్చరిక ఎవరికో, ఎందుకో తెలియకపోతే మైదానంలోనూ ఇదే తంటా. 1966 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా ఆడిన మ్యాచ్‌లో రిఫరీ ఎవరిని హెచ్చరించాడో ఆటగాళ్లకే సరిగా తెలియలేదు. ఆ గందరగోళం చూశాకే ఇంగ్లిష్ రిఫరీ కెన్ ఆస్టన్‌కు పసుపు, ఎరుపు కార్డుల ఆలోచన వచ్చింది. 1970 మెక్సికోలో అవి మైదానానికి వచ్చాయి. మన కబడ్డీలోనూ పచ్చకార్డు చూపిస్తే హెచ్చరిక, పసుపుదైతే రెండు నిమిషాలు బయట. మైదానంలో అందరికీ కనబడాలి, నిజమే. చాట్‌లో మాత్రం పదిమంది ముందు అంటే కుర్రాడు తప్పు సంగతి వదిలేసి పరువు కోసం వాదిస్తాడు.

స్నేహితులు ఒరేయ్, ఏరా అనుకుంటే నేను కలగజేసుకోను. కులం పేరెత్తి తిడితే వార్నింగ్ లేదు, నేరుగా బ్యానే. 2022 మేలో కోనసీమ జిల్లా పేరు మార్పు మీద కులాల మధ్య రేగిన గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి, కోనసీమలో నెట్ ఆపేశారు. ఆ ఊళ్ల పిల్లలే ఇక్కడ పక్కపక్కన ఇళ్లు కట్టుకుంటున్నారు. "చిన్నపిల్లాడండీ, ఒక్కసారికి వదిలెయ్యండి" అని బ్యాన్ పడ్డవాళ్ల అన్నయ్యలు మెసేజ్ పెడతారు. ఆ మాట పడ్డవాడూ చిన్నపిల్లాడేనండీ అంటాను. నెల తర్వాత అప్పీలు పెట్టుకోవచ్చు. దాన్ని బ్యాన్ వేసిన నేను చూడను, ఇంకో మోడరేటర్ చదివి తేలుస్తాడు.