డేరా వేసే ముందు అడగాలి

రేడియో వార్తల్లో మా రెంటచింతల పేరు ఎండాకాలంలో తప్ప వినపడేది కాదు. అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడ అనగానే రామగుండమో రెంటచింతలో అని ఇంట్లో పిల్లలు కూడా ముందే చెప్పేసేవాళ్ళు. మే నెలలో 46, 47 డిగ్రీలంటే మాకు వింత కాదు. ఊరి కింద సున్నపురాయి, ఇంటి గోడల్లో నాపరాయి, చేలగట్ల మీదా అదే రాయి. పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. ఇలాంటి ఊరివాళ్ళం కారులో డేరా పడేసుకుని ఆరుబయట పడుకోవటానికి పోతున్నామంటే చుట్టాలు నా వంకా మా ఆయన వంకా జాలిగా చూస్తారు. ఆ జాలిలో కొంత న్యాయముంది. ఆరుబయట పడుకోవటానికి మా ఇళ్ళల్లో ఎవరూ ఏనాడూ పైసా ఖర్చు పెట్టలేదు.

మేం బయల్దేరేది కార్తీకం వెళ్ళాక. శివరాత్రికల్లా డేరా మళ్ళీ అటకెక్కాలి. దారి కూడా మాకు అలవాటైనదే. మాచర్ల దాటి వెల్దుర్తి మీదుగా ఎర్రగొండపాలెం, అక్కణ్ణించి మార్కాపురం, కంభం చెరువు, గిద్దలూరు, ఓపికుంటే పెన్న ఒడ్డున గండికోట దాకా. మధ్యలో నల్లమల. హోటళ్ళు తక్కువ, ఫోను సిగ్నల్ అంతకన్నా తక్కువ, రాళ్ళు మాత్రం కావలసినన్ని.

ఆ రాళ్ళ గురించి కాస్త చెప్పాలి. డేరాతో పాటు వచ్చే అల్యూమినియం మేకులు మెత్తటి నేలకోసం చేసినవి. మా పల్నాడులో చాలాచోట్ల జానెడు మట్టి కింద పరుపురాయి ఉంటుంది. సుత్తితో రెండు దెబ్బలు వేసేసరికి టంగుమని మేకు వంగిపోతుంది. అందుకని మా ఆయన మేకుల సంచి ఇంట్లోనే వదిలేస్తారు. మూరెడు పొడుగున్న నాపపలక ఒకటి తీసుకుని, దాని నడుముకు తాడు రెండు చుట్లు చుట్టి, నేలమీద పరిచి, దానిమీద ఇంకో పలక అడ్డంగా పెడతారు. గుండ్రాయి పనికిరాదు, గాలికి తాడు లాగితే దొర్లుతుంది. పలక నేలను కరుచుకుని ఉంటుంది. పలకని ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టుకుని మనవైపుకు లేపాలి. అడుగున తేలుంటే రాయి మనకు అడ్డం ఉంటుంది, అది తన దారిన తను పోతుంది. అటుపక్క వేలు పెట్టే ముందు కర్రతో ఒకసారి తట్టడం మంచిది. పొద్దున్నే చెప్పులు దులపకుండా కాలు పెట్టకూడదని వేరే చెప్పాలా?

పడుకునే చోటు కూడా మట్టినేల అయుండాలి. చలికాలం సాయంత్రం బండమీద వెచ్చగా హాయిగా ఉంటుంది గానీ తెల్లవారుజాముకు నడుములోంచి చలి పుట్టుకొస్తుంది. ఇక వాగు ఎండి ఉంది కదా, ఇసుక మెత్తగా ఉంది కదా అని అందులో పక్క వేసేవాళ్ళకు నేను దణ్ణం పెడతాను. ఎగువన ఎక్కడో పడ్డ వాన మనల్ని అడిగి రాదు.

కారులో డేరా వేసుకుని తిరిగే ఈ సరదాకు ప్రపంచంలో పెద్దపేరు ఆస్ట్రేలియా నడిబొడ్డుది. ఆ ఎడారుల్లో రోడ్లు వేసిన లెన్ బీడెల్ అనే సర్వేయరు ఒక దారికి తన భార్య పేరు పెట్టాడు, ఆన్ బీడెల్ హైవే. కూబర్ పేడీ నుంచి లావెర్టన్ దాకా 1300 కిలోమీటర్ల పైచిలుకు మట్టిదారి అది. 1962లో ఇంకో దారి వేస్తున్నప్పుడు భార్యను, నెలల పిల్లను వెంటబెట్టుకుని పోయాడు. ఆ పిల్ల పేరుతో ఆ దారి 'కానీ సూ' హైవే అయింది. మొగుడూ పెళ్ళాల డేరా ప్రయాణమంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది, ఆయన కాదు. దారి వేసినవాడి పేరు అందరికీ తెలుసు. ఆ దుమ్ములో పాలుతాగే పిల్లకు గుడ్డలు ఎలా ఉతికిందో, ఏ నీళ్ళతో ఉతికిందో చెప్పమంటే ఎవరు చెబుతారు?

అక్కడివాళ్ళకూ మనకూ తేడా ఎండలో లేదు. అక్కడి ఊడ్నడాటా అనే ఊళ్ళో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదయింది, సరే, మనకన్నా నాలుగు ఎక్కువ. అసలు తేడా మనుషుల్లో ఉంది. అక్కడ వందల కిలోమీటర్లు పోయినా పలకరించే మనిషి ఉండడు. ఇక్కడ డేరా విప్పిన పది నిమిషాల్లో గొర్రెలు తోలుకుంటూ ఒకాయన వస్తాడు, వెనకే ఇద్దరు పిల్లలు, ఆ వెనక కుక్క. బీడు అనుకున్న ప్రతి చెక్కకూ ఒక సొంతదారు ఉన్నాడు. సొంతదారు లేనిచోట ఫారెస్టువాళ్ళున్నారు. కాబట్టి మన దగ్గర ఈ విద్యలో మొదటి పాఠం ముడులు వేయడం కాదు, చోటు అడగటం. ఆ పని నాది. మా ఆయన వెళ్ళి అడిగితే సర్వేకొచ్చాడో భూమి కొనటానికొచ్చాడో అనుకుంటారు. నేను వెళ్ళి "అక్కా, ఈ రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా?" అంటే ముందు మంచినీళ్ళిస్తారు, తర్వాత ఊరూ పేరూ అడుగుతారు, ఆ తర్వాతే చోటు సంగతి.

ఒక మాఘమాసం దుర్గి పక్కన చీకటిపడితే మిరప కల్లం దగ్గర ఆగాం. కాయ ఎండబోసి ఉంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మంచుకు తడవకుండా దాన్ని కుప్పచేసి పట్టాలు కప్పుతున్నారు. ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. ఆమె నవ్వింది.

"ఇల్లు లేదా అమ్మా మీకు?"

"ఉందక్కా. రెంటచింతల్లో."

"ఇల్లు పెట్టుకుని ఈడ పడుకోవటమేంది? మాకంటే కాయ ఉంది, కాపలా కాయాల. మీకేముంది కాయటానికి?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె మొగుడు మాత్రం మా డేరాను చుట్టూ తిరిగి చూసి, జిప్పు లాగి చూసి, "గాలి ఆడదు సార్ ఇందులో" అని తేల్చేశాడు. వాళ్ళ పక్క నాలుగు కర్రల మీద పట్టా, కింద వరిగడ్డి, గడ్డి మీద దుప్పటి. రెండువైపులా తెరుచుకుని ఉంది. కాయ టిక్కీల్లోకెక్కి గుంటూరు యార్డుకు పోయేదాకా, తాలుకాయ ఏరుకుంటూ, వాళ్ళ కాపురం అక్కడే. రాత్రి జొన్నరొట్టె పెట్టారు, మేం తెచ్చుకున్న గోంగూర పచ్చడి వాళ్ళకిచ్చాం. ఆ డేరాకు మేం పెట్టిన డబ్బుతో అలాంటి పట్టాలు ఎన్ని వచ్చేవో మా ఆయన పడుకున్నాక లెక్క చెప్పబోతే నేను వినలేదు.

నల్లమలలో ఈ అడగటాలు చెల్లవు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. అందులో ఎక్కడపడితే అక్కడ డేరా వేయటం, పొయ్యి వెలిగించటం నేరం. నా ఉద్దేశంలో ఉండాల్సిన నేరమే. అడవిలో నిప్పు రాజేసి ఫొటో దిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పరివారంతో ఈ కొండలు ఎక్కి శ్రీశైలం చేరాడు. అడవిలో ఇష్టమొచ్చిన చోట మజిలీ చేసే రోజులు ఆయనతోనే పోయాయనుకోవాలి. మనం చేయగలిగింది పగటిపూట దాటెయ్యటమే. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకూడదని ఆస్ట్రేలియాలో నేర్పుతారు. ఆ ఒక్క పాఠం మాత్రం నల్లమలకూ సరిపోతుంది.

నీళ్ళ సంగతి చివరికి మిగిల్చాను, కారణముంది. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు పోయేటప్పుడు డబ్బాలు మాచర్లలోనే నింపుకుంటాం. కృష్ణ మీద అంత పెద్ద ఆనకట్ట కట్టి, 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు. ఆ సాగర్‌కు దగ్గరలోనే ఉన్న ఈ మెట్టఊళ్ళు మాత్రం వరికపూడిశెల ఎత్తిపోతల కోసం తరాలుగా ఎదురుచూస్తున్నాయి. అలాంటి ఊళ్ళో చెయ్యి చాపి "కాసిని నీళ్ళు" అనటానికి మొహమాటం ఉండాలి. మనిషికి రోజుకు తాగటానికే ఐదు లీటర్లు, వంటకీ కడుగుళ్ళకీ ఇంకో ఐదు. స్నానం ఏ చెరువు దగ్గరో చూసుకోవచ్చు. కంచాలకు బదులు విస్తరాకులైతే కడిగే నీళ్ళు మిగులుతాయి. ఆడవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది, ఎవరూ రాయరు. చీకటితోనే లేవాలి, లేకపోతే పెట్రోలు బంకు దాకా ఓర్చుకోవాలి. చిన్న తడిక గుడ్డ, చిన్న పార మా కారులో డేరాకన్నా ముందు ఎక్కుతాయి.

వెళ్ళాలనుకుంటే ఈ చలికాలం వెళ్ళండి. పెట్రోలు మాచర్లలో నింపుకోండి, ఎర్రగొండపాలెంలో మళ్ళీ చూసుకోండి. కల్లం దగ్గర ఆగితే కారు కాయకు దూరంగా పెట్టండి, దుమ్ము లేస్తుంది. శ్రీశైలం పోయేవాళ్ళు చీకటి పడకముందే దోర్నాల దాటండి, రాత్రి 9 గంటలకు గేటు వేస్తారు, మళ్ళీ తీసేది పొద్దున 6కే.